ఏపీ ప్రభుత్వ టీచర్ల జీతం లెక్క: ఇంక్రిమెంట్, ఏఏఎస్ స్కేలు, ప్రమోషన్ ఫిక్సేషన్ మీరే సరిచూసుకోవడం ఎలా

నెల మొదట్లో బ్యాంకు మెసేజ్ రాగానే చాలామంది టీచర్లు చేతికొచ్చిన మొత్తం చూసి ఊరుకుంటారు. పోయిన నెల కంటే వంద తక్కువొస్తే అడుగుతారు, ఎక్కువొస్తే అడగరు. అసలు చూడాల్సిన అంకె పే స్లిప్‌లో మొదటి గడిలో ఉంటుంది. అదే బేసిక్, అంటే మూల వేతనం. డీఏ (కరువు భత్యం), హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం), సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) కోత, సరెండర్ లీవు (సెలవు వదులుకుని తీసుకునే డబ్బు), చివరికి గ్రాట్యుటీ వరకు అన్నీ దాని మీదే లెక్క. బేసిక్ ఒక్క మెట్టు కింద పడితే ప్రతి నెలా నష్టం. ఒక్క మెట్టు పైన పడితే రిటైర్మెంట్ ముందు సర్వీసు రిజిస్టర్ (ఎస్ఆర్) తిరగేసినప్పుడు అదంతా రికవరీగా తిరిగొస్తుంది. రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది. అప్పటికి ఇరవై ఏళ్ల తేడా ఒక్కసారే మీద పడుతుంది.

ఈ లెక్క కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. మాస్టర్ స్కేలు ఒక కాగితం మీద రాసుకుని, మూడు నాలుగు నిబంధనలు తెలుసుకుంటే చాలు. ఇక్కడ చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలల టీచర్లకు వర్తించే 2022 పే స్కేళ్ల ప్రకారం.

ముందు మాస్టర్ స్కేలు చేతిలో పెట్టుకోండి

2022 జనవరి 17న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం రాష్ట్ర ఉద్యోగులందరికీ ఒకే పొడవాటి నిచ్చెన. 20,000 దగ్గర మొదలై 1,79,000 వరకు వెళ్తుంది. మీ స్కేలు ఏదైనా ఆ నిచ్చెనలో ఒక ముక్కే. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) స్కేలు 32,670 నుంచి 1,01,970 వరకు, స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570 నుంచి 1,27,480 వరకు, గెజిటెడ్ హెడ్మాస్టర్ గ్రేడ్ 2 స్కేలు 54,060 నుంచి 1,40,540 వరకు.

ఎస్జీటీకి, స్కూల్ అసిస్టెంటుకు ఎక్కువగా అవసరమయ్యే మెట్లు ఇవి. నోట్‌బుక్ వెనక పేజీలో రాసిపెట్టుకోండి:

32,670 – 33,590 – 34,580 – 35,570 – 36,560 – 37,640 – 38,720 – 39,800 – 40,970 – 42,140 – 43,310 – 44,570 – 45,830 – 47,090 – 48,440 – 49,790 – 51,140 – 52,600 – 54,060 – 55,520 – 57,100 – 58,680 – 60,260

మీ బేసిక్ మాస్టర్ స్కేలులోని ఏదో ఒక మెట్టుగానే ఉండాలి. 39,900 అనో 48,000 అనో కనిపించిందంటే ఎక్కడో టైపింగ్ పొరపాటో, ఫిక్సేషన్ పొరపాటో జరిగినట్టే. రెండు మెట్ల మధ్య తేడాయే ఆ ఏడాది మీ ఇంక్రిమెంట్. ఇంక్రిమెంట్ అంటే బేసిక్‌లో ఇంత శాతం అని లెక్క వేసేవాళ్లు కనిపిస్తుంటారు. రాష్ట్ర స్కేళ్లలో శాతం లెక్క లేదు, పక్క మెట్టుకు జరగడమే.

పాత స్కేలు నుంచి కొత్త స్కేలులోకి వచ్చిన మలుపు కూడా ఒకసారి చూసుకోండి. 2018 జులై 1 నాటికి మీకున్న 2015 స్కేలు బేసిక్‌కు, అప్పటి డీఏ 30.392 శాతం, ఫిట్‌మెంట్ (కొత్త స్కేళ్లతో ఇచ్చిన పెంపు) 23 శాతం కలపాలి. వచ్చిన మొత్తానికి పైనున్న మెట్టే మీ కొత్త బేసిక్. పాత ఎస్జీటీ మొదటి మెట్టు 21,230 తీసుకుంటే, డీఏ 6,452, ఫిట్‌మెంట్ 4,883 కలిసి 32,565 అవుతుంది. దాని పై మెట్టు 32,670. అందుకే ఎస్జీటీ స్కేలు అక్కడ మొదలైంది. 2018 జులైకి ముందు చేరినవాళ్లు తమ అప్పటి బేసిక్‌తో ఇదే లెక్క ఒక్కసారి వేసుకోవాలి. అక్కడ తప్పు పడితే తర్వాతి మెట్లన్నీ తప్పే.

డీఏ ఎందుకు కేంద్రంలాగా ఉండదు

కేంద్రం 4 శాతం పెంచితే మనకు 3.64 శాతమే ఎందుకని ప్రతిసారీ ప్రశ్న వస్తుంది. ఇందులో కోత ఏమీ లేదు. కేంద్ర ఉద్యోగుల బేసిక్‌లో 2016 జనవరి వరకున్న ధరలే కలిశాయి. మన బేసిక్‌లో 2018 జులై వరకు పెరిగిన ధరలు కలిసిపోయాయి. మన పునాది అంకె పెద్దది కాబట్టి అదే ధరల పెరుగుదలకు మన శాతం చిన్నదిగా కనిపిస్తుంది. కేంద్రం ఒక్క శాతానికి మనకు 0.91 శాతం.

దీన్నుంచి ఒక చిన్న సూత్రం వస్తుంది. 2018 జులైలో కేంద్ర డీఏ 9 శాతం. ఏ తేదీకైనా కేంద్ర డీఏలోంచి 9 తీసేసి 0.91తో గుణిస్తే ఆ తేదీకి మనకు రావాల్సిన డీఏ తెలుస్తుంది. 2023 జులైకి కేంద్రం 46 శాతం. 46లోంచి 9 పోతే 37, దాన్ని 0.91తో గుణిస్తే 33.67. ప్రభుత్వం ఇంకా ప్రకటించని విడతలు ఎన్ని బాకీ ఉన్నాయో కూడా ఈ లెక్కతోనే చెప్పొచ్చు.

హెచ్ఆర్ఏ బేసిక్ మీద మాత్రమే లెక్క, డీఏ మీద కాదు. మీరు పనిచేసే ఊరి జనాభాను బట్టి శాతం మారుతుంది: 50 వేల లోపు 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల వరకు 12, 2 లక్షల నుంచి 50 లక్షల వరకు 16, ఆపైన 24. ఒక్కో శ్లాబుకు గరిష్ఠ పరిమితి వరసగా 11 వేలు, 13 వేలు, 17 వేలు, 25 వేలు. బదిలీ అయినప్పుడు ఇది మార్చడం మర్చిపోతుంటారు. పట్టణం నుంచి పల్లెకు వెళ్లినా పాత శాతమే పడుతుంటే జీతం బిల్లు పెట్టే అధికారికి, అంటే డీడీవోకు వెంటనే చెప్పండి. ఆ డబ్బు మీ దగ్గర ఉండదు.

ఆరేళ్ల సర్వీసుకు వచ్చే స్కేలు అందుకున్న ఒక ఎస్జీటీ, 10 శాతం హెచ్ఆర్ఏ ఊళ్లో పనిచేస్తున్నారనుకుందాం. బేసిక్ 39,800. డీఏ 33.67 శాతం అనుకుంటే 13,401. హెచ్ఆర్ఏ 3,980. మొత్తం 57,181. ఇందులో సీపీఎస్ కోత బేసిక్, డీఏ కలిపిన 53,201 మీద 10 శాతం, అంటే 5,320. వృత్తి పన్ను 200. ఆపైన ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), జీఐఎస్ (గ్రూపు బీమా), ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం). మీ స్లిప్‌లో ఈ నాలుగు లెక్కలూ క్యాలిక్యులేటర్‌తో సరిపోతే నెలవారీ భాగం బాగున్నట్టే. ఇదే మనిషికి బేసిక్ ఒక మెట్టు తక్కువగా పడిందనుకోండి. 1,080, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ కలిసి నెలకు సుమారు 1,552 రూపాయలు పోతుంది.

ఇంక్రిమెంట్ తేదీ ఎందుకు జరుగుతుంది

పన్నెండు నెలల సర్వీసు పూర్తయ్యాక ఇంక్రిమెంట్ వస్తుంది. నెల మధ్యలో ఏ తేదీన పూర్తయినా ఆ నెల 1వ తేదీ నుంచే ఇస్తారు. జులై 12న చేరినవారికి ప్రతి ఏడాదీ జులై 1న.

ఈ తేదీని జరిపేది జీతనష్టపు సెలవు, అందరూ ఈఓఎల్ అనే సెలవు. సొంత పనుల మీద 40 రోజులు ఈఓఎల్ పెడితే జులై 12 కాస్తా ఆగస్టు 21కి జరుగుతుంది. ఇంక్రిమెంట్ నెల ఆగస్టు అయిపోతుంది, ఇక ప్రతి ఏడాదీ ఆగస్టే. అదే 15 రోజులు పెడితే తేదీ జులై 27కే జరుగుతుంది కాబట్టి నెల మారదు. సెలవు పెట్టేముందు ఈ లెక్క వేసుకున్నవాళ్లు తక్కువ. వైద్య కారణాల ఈఓఎల్ అయితే సర్టిఫికెట్‌తో పాటు ఆ కాలాన్ని ఇంక్రిమెంటుకు లెక్కించమని సమర్థ అధికారి ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు లేకుండా దానంతటదే కలవదు.

ఇంకొకటి, ప్రసూతి సెలవులో ఉన్న టీచర్లు తరచూ అడిగేది. ఇంక్రిమెంట్ తేదీన మీరు క్యాజువల్ లీవు కాకుండా వేరే సెలవులో ఉంటే, డబ్బు మాత్రం డ్యూటీలో చేరిన రోజు నుంచే వస్తుంది. తేదీ మారదు. వచ్చే ఏడాది మళ్లీ అదే నెల 1న ఇంక్రిమెంట్. చేరాక తేదీ కూడా మార్చేసి ఎస్ఆర్‌లో రాసిన చోట సరిచేయించుకోండి.

కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రొబేషన్ అంటే మూడేళ్ల నిరంతర కాలంలో రెండేళ్ల డ్యూటీ. అది పూర్తయ్యాక డిక్లరేషన్ ఉత్తర్వు తెప్పించుకుని ఎస్ఆర్‌లో నమోదు చేయించుకోవడం మీ పనే అనుకోండి. తర్వాత ఏ స్కేలు, ఏ ప్రమోషన్ ఫైలు కదిలినా మొదట అడిగేది అదే.

6, 12, 18, 24: ఏఏఎస్ స్కేళ్లు

ఒకే పోస్టులో ప్రమోషన్ లేకుండా ఆరేళ్లు, పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు, ఇరవై నాలుగేళ్లు నిండినప్పుడు వచ్చేదే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము (ఏఏఎస్) స్కేలు. పేరులో ఆటోమేటిక్ అని ఉన్నా దరఖాస్తు పెట్టకపోతే రాదు. ఆ రోజు దాటి నెలలు గడిచాక గుర్తొచ్చి పెట్టేవాళ్లే ఎక్కువ. బకాయిలు వస్తాయి, కానీ బకాయి బిల్లు ట్రెజరీలో పాస్ అయ్యేదాకా తిరగాలి.

ప్రతి దశలో లాభం ఒక మెట్టు. ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 22(ఎ)(i), 31(2) కలిపి చదివి ఫిక్స్ చేస్తారు. 31(2) వల్ల మీ మామూలు ఇంక్రిమెంట్ తేదీ చెక్కుచెదరదు. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఏఏఎస్ తర్వాత మళ్లీ ఏడాది ఆగాకే ఇంక్రిమెంట్ అని కొన్ని ఆఫీసుల్లో రాస్తుంటారు. అది తప్పు.

జులై 12న 32,670తో చేరిన ఎస్జీటీ ప్రయాణం చూడండి. ఒకటో ఏడు పూర్తయ్యేసరికి 33,590, అలా ఐదో ఏటికి 37,640. ఆరో ఏడు జులై 1న మామూలు ఇంక్రిమెంట్‌తో 38,720. ఆరేళ్లు నిండిన జులై 12న ఏఏఎస్‌తో 39,800. స్కేలు కూడా 34,580 నుంచి 1,07,210 వరకున్న స్పెషల్ గ్రేడ్‌కు మారుతుంది. వచ్చే జులై 1న 40,970. అక్కడి నుంచి పదకొండో ఏటికి 45,830, పన్నెండో ఏట జులై 1న 47,090, జులై 12న పన్నెండేళ్ల స్కేలుతో 48,440. అంటే పన్నెండేళ్లకు పద్నాలుగు మెట్లు. మీ ఎస్ఆర్‌లో ఎంట్రీలను ఇలాగే మెట్లు లెక్కపెడుతూ చూసుకోండి. ఈఓఎల్ లేకుండా మెట్ల సంఖ్య తగ్గితే ఏదో ఒకటి పోయినట్టే.

ఆరేళ్ల స్కేలుకు అదనపు అర్హత ఏమీ అక్కర్లేదు. పన్నెండేళ్ల స్కేలుకు మాత్రం పై పోస్టు ప్రమోషన్‌కు కావాల్సిన అర్హత ఉండాలి. ఎస్జీటీకి డిగ్రీ, బీఈడీ. స్కూల్ అసిస్టెంటుకు గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు, మాట వాడుకలో జీవో, ఈవో టెస్టులు. పదకొండో ఏట గుర్తొచ్చి టెస్టు రాస్తే ఫలితం వచ్చేసరికి పన్నెండో ఏడు దాటిపోవచ్చు, ఆ ఆలస్యమంతా డబ్బే. సర్వీసులో చేరిన నాలుగైదేళ్లలోనే ఈ టెస్టులు పూర్తి చేసుకుంటే తర్వాత హెచ్ఎం ప్రమోషన్‌కు కూడా అవే పనికొస్తాయి.

ప్రమోషన్ వద్దని రాసిచ్చేముందు కూడా ఆలోచించాలి. ఇంటికి దగ్గరగా ఉందని పాత చోటే ఉండిపోవడానికి వదులుకుంటే, తర్వాతి ఏఏఎస్ స్కేళ్లు కూడా ఆగిపోతాయి.

ప్రమోషన్ వచ్చినప్పుడు: ఆప్షన్ ఎంత విలువైనదో

టీచర్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే దీన్ని నిదానంగా చూద్దాం.

బాధ్యత పెరిగే పోస్టుకు ప్రమోషన్ వస్తే ఎఫ్ఆర్ 22(బి) కింద ఫిక్స్ చేస్తారు. ముందు కింది పోస్టులోని బేసిక్‌కు ఊహాత్మకంగా ఒక ఇంక్రిమెంట్ కలుపుతారు, తర్వాత పై పోస్టు స్కేలులో దానికి పైనున్న మెట్టులో పెడతారు. అంటే మొత్తం రెండు మెట్లు. ఎస్జీటీగా 42,140లో ఉన్నవారు స్కూల్ అసిస్టెంట్ అయితే ఊహాత్మకంగా 43,310, దాని పై మెట్టు 44,570. స్కేలు మొదలు కూడా అదే కాబట్టి అక్కడే ఫిక్స్.

అప్పటికే పన్నెండేళ్ల స్కేలు తీసుకుని ఉంటే ఈ రెండు మెట్లు రావు. 22(ఎ)(i) కింద ఒకటే వస్తుంది. ఆ పై పోస్టు స్కేలును మీరు ఏఏఎస్ రూపంలో ముందే అందుకున్నారు కదా, ఒక మెట్టు అక్కడే జమ అయింది. 48,440లో ఉండగా ప్రమోషన్ వస్తే 49,790. ఆరేళ్ల స్కేలు ఒక్కటే తీసుకుని ఉంటే 22(బి) పూర్తిగా వర్తిస్తుంది. మీరు పన్నెండేళ్ల స్కేలు తీసుకున్నారో లేదో చూడకుండా 22(బి) వేసిన ఫిక్సేషన్లే తర్వాత ఆడిట్‌లో దొరికేవి.

ఇక ఆప్షన్. ప్రమోషన్ పోస్టులో చేరిన రోజునుంచే 22(బి) వేయమని అడగొచ్చు. లేదా ఇప్పటికి 22(ఎ)(i) ఒక్క మెట్టుతో సరిపెట్టుకుని, కింది పోస్టులో తర్వాతి ఇంక్రిమెంట్ వచ్చే రోజున 22(బి) వేయమని అడగొచ్చు. చేరిన నెల రోజుల్లోపు రాతపూర్వకంగా ఇచ్చి, డీడీవో ఆఫీసులో అందినట్టు సంతకం తీసుకోండి.

ఏది లాభం? ఒక ఉదాహరణతో చూద్దాం. ఎస్జీటీగా బేసిక్ 45,830, ఇంక్రిమెంట్ జులై 1న. స్కూల్ అసిస్టెంట్‌గా చేరింది అక్టోబరు 10న.

చేరిన రోజే ఫిక్సేషన్ అడిగితే: 45,830కి ఊహాత్మకంగా 47,090, పై మెట్టు 48,440. అక్టోబరు 10 నుంచి అదే బేసిక్. కానీ ఇంక్రిమెంట్ తేదీ అక్టోబరు 1కి మారిపోతుంది. వచ్చే అక్టోబరు 1న 49,790.

ఇంక్రిమెంట్ రోజున ఫిక్సేషన్ అడిగితే: అక్టోబరు 10న 47,090. జులై 1న కింది పోస్టులో ఇంక్రిమెంట్‌తో 47,090 అయ్యేది కాబట్టి, దానికి ఊహాత్మకంగా 48,440, పై మెట్టు 49,790. ఇంక్రిమెంట్ తేదీ జులై 1గానే నిలుస్తుంది. మరుసటి జులై 1న 51,140.

మొదటి దారిలో అక్టోబరు నుంచి జూన్ దాకా దాదాపు ఎనిమిదిన్నర నెలలకు పైగా నెలకు 1,350 ఎక్కువొస్తుంది, మొత్తం బేసిక్‌లో 11,700 చిల్లర. రెండో దారిలో ప్రతి ఏడాదీ జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒక మెట్టు ముందుంటారు. మొదటి ఏడు 4,050, రెండో ఏడు 4,050, మూడో ఏడు 4,380, మొత్తం 12,480. అంటే మూడో సెప్టెంబరు నాటికి రెండో దారి ముందుకొస్తుంది, ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడాదీ మూడు నెలల లాభం. రెండు దారుల మీదా డీఏ, హెచ్ఆర్ఏ అదే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి తీర్పు మారదు. ఇంకా పదేళ్ల సర్వీసు మిగిలి ఉన్నవారికి రెండోదే మంచిది. రెండేళ్లలో రిటైరయ్యేవారికి మొదటిది.

ప్రమోషన్ తేదీ ఎక్కడ పడిందన్నదే అసలు కీలకం. మే నెలలో చేరి జులైలో ఇంక్రిమెంట్ ఉంటే ఆలోచించనే అక్కర్లేదు, జులై వరకు ఆగండి. పోగొట్టుకునేది రెండు నెలల తేడా, నిలబెట్టుకునేది ప్రతి ఏడాదీ పది నెలల తేడా. ఆగస్టులో చేరి జులై ఇంక్రిమెంట్ అయితే తిరగబడుతుంది. పదకొండు నెలలు పోగొట్టుకుని ఏడాదికి ఒక్క నెల సంపాదిస్తారు, పదకొండేళ్ల సర్వీసు లేకపోతే అది గిట్టదు. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంక్రిమెంట్ రోజునే మేలు అని చెబుతారు. ఆ మాట నమ్మకుండా మీ తేదీలతో ఈ లెక్క వేసుకోండి.

ప్రమోషన్ లాభం ఉత్తర్వు తేదీ నుంచి కాకుండా కొత్త పోస్టులో చేరిన రోజు నుంచి వస్తుంది. మధ్యాహ్నం తర్వాత చేరితే మరుసటి రోజు నుంచి. చేరిక రిపోర్టులో ఉదయమా మధ్యాహ్నమా స్పష్టంగా రాయండి. ప్రమోషన్‌తో ఏఏఎస్ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కొత్త పోస్టులో ఆరేళ్లు నిండాకే తర్వాతి స్కేలు.

మీ తర్వాత వచ్చిన జూనియర్ మీకంటే ఎక్కువ బేసిక్ తీసుకుంటున్నారని తెలిస్తే, స్టెప్పింగ్ అప్ (మీ బేసిక్‌ను జూనియర్ బేసిక్‌తో సమానం చేయడం) అడిగేముందు ఇద్దరి ఎస్ఆర్ ఎంట్రీలు పక్కపక్కన పెట్టండి. ఇద్దరిదీ ఒకే కేడర్, ఒకే స్కేలు అయి ఉండాలి. కింది పోస్టులో జూనియర్ మీకంటే ఎక్కువ తీసుకుని ఉండకూడదు. తేడా ఫిక్సేషన్ నిబంధన వల్లే వచ్చి ఉండాలి. మీ ఈఓఎల్ వల్లో, మీరు వదులుకున్న స్కేలు వల్లో వచ్చిన తేడాకు స్టెప్పింగ్ అప్ రాదు.

హెడ్మాస్టర్లకు, ఎంఈవోలకు

హైస్కూల్ హెచ్ఎం తన స్కూలుకు డీడీవో. మండలంలోని ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల టీచర్లకు ఎంఈవో (మండల విద్యాధికారి) డీడీవో. బిల్లు సాధారణంగా 25వ తేదీలోపు ట్రెజరీకి వెళ్లాలి. ఆలోపు ఇంక్రిమెంట్ సర్టిఫికెట్ అప్‌లోడ్ కాకపోతే ఆ నెల ఇంక్రిమెంట్ బిల్లులో పడదు. ప్రతి నెలా 15వ తేదీనాటికి వచ్చే నెల ఇంక్రిమెంట్లు ఎవరెవరికో జాబితా తీసిపెట్టుకోవడమే దీనికి మందు.

ఖాళీగా ఉన్న మరో పోస్టు బాధ్యతలు చూసే హెచ్ఎంలకు ఎఫ్ఆర్ 49 కింద అలవెన్సు ఉంది. మొదటి మూడు నెలలు బేసిక్‌లో ఐదో వంతు, తర్వాతి మూడు నెలలు పదో వంతు, ఆపైన ఏమీ ఉండదు. కానీ ఉత్తర్వులో పూర్తి అదనపు బాధ్యతలు అన్న మాట ఉండాలి, దాన్ని ఇచ్చే అధికారం ఉన్నవారే ఇవ్వాలి. రోజువారీ పనులు చూసుకోమని రాసిన కాగితం మీద ఈ అలవెన్సు రాదు. బాధ్యతలు తీసుకునేముందే ఉత్తర్వు పదాలు చదవండి, ఆరు నెలల తర్వాత మార్పించుకోవడం కష్టం.

జీఐఎస్ గ్రూపు ప్రమోషన్‌తో వెంటనే మారదు. ఈ పథకం 1984 నవంబరు 1న మొదలైంది కాబట్టి, గ్రూపు మార్పు తర్వాత వచ్చే నవంబరు 1 నుంచే. ఫిబ్రవరిలో హెచ్ఎం అయినవారికి మార్చి నుంచే పెద్ద గ్రూపు కోత పెడితే అది తప్పు. ఏపీజీఎల్ఐలో పొరపాటు వేరే రకం. బేసిక్ పెరిగి శ్లాబు మారితే కోత పెరుగుతుంది, కానీ పెరిగిన ప్రీమియానికి ప్రపోజల్ ఫారం పంపి బాండు తెచ్చుకోకపోతే ఆ అదనపు డబ్బుకు పాలసీ ఉండదు. శ్లాబు మారిన ప్రతిసారీ ఫారం పంపించండి, బాండు నంబరు ఎస్ఆర్‌లో రాయించండి.

సెలవు డబ్బు

టీచర్లు వెకేషన్ ఉద్యోగులు కాబట్టి ఏడాదికి ఈఎల్ (ఆర్జిత సెలవు) ఆరు రోజులే, జనవరిలో మూడు, జులైలో మూడు. మిగతా శాఖల వాళ్లకు 30. వేసవి సెలవుల్లో ఎన్నికలు, జనగణన, పరీక్షల పని పడితే ఆ మేరకు ఈఎల్ నిల్వ అవుతుంది. పూర్తి వెకేషన్ పనిచేస్తే 24 రోజులు అదనం. దీనికి కావాల్సింది పై అధికారి డ్యూటీ ఉత్తర్వు, హాజరు సర్టిఫికెట్. సెలవుల్లో పనిచేసి ఈ రెండు కాగితాలు దాచుకోని టీచర్లు ఆ రోజుల్ని ఉచితంగా ఇచ్చేసినట్టే.

సరెండర్ ఏడాదికి 15 రోజులు. బేసిక్, డీఏ, హెచ్ఆర్ఏ కలిపి 30తో భాగించి 15తో గుణిస్తారు, నెల ఎన్ని రోజులదైనా 30 అనే లెక్క. ఆరు రోజుల చొప్పున జమయ్యే టీచరుకు 15 రోజులు కావాలంటే రెండున్నర ఏళ్లు పడుతుంది. రిటైర్మెంట్‌లో 300 రోజుల వరకు డబ్బు తీసుకోవచ్చు. ఈఎల్ తక్కువైతే హాఫ్ పే లీవుతో పూరించుకునే వీలుంది. చివర్లో వచ్చేది చివరి బేసిక్ మీద. అవసరం తప్పనిసరైతే తప్ప మొదటి పదేళ్లలో సరెండర్ చేయకపోవడమే లాభం.

ఎస్ఆర్ చూసే పద్ధతి

ఏడాదికి ఒకసారి, ఇంక్రిమెంట్ నెలలో, డీడీవో ఆఫీసుకు వెళ్లి ఎస్ఆర్ చూపించమని అడగండి. అది మీ హక్కు. బేసిక్ ఎంట్రీ మాస్టర్ స్కేలులో ఉందా, ప్రతి ఎంట్రీ పక్కన డీడీవో సంతకం ఉందా, ఏఏఎస్, ప్రమోషన్ ఫిక్సేషన్ల దగ్గర ఉత్తర్వు నంబరు, తేదీ రాశారా, ఏడాది సర్వీసు వెరిఫికేషన్ ఎంట్రీ ఉందా చూడండి. ఈఎల్ ఖాతా పేజీ కూడా తిప్పండి. సీపీఎస్ వాళ్లు ఎస్ఆర్‌లో కోతలు, ప్రాన్ (పెన్షన్ ఖాతా) స్టేట్‌మెంట్‌లో జమలు నెలనెలా పోల్చి చూసుకోవాలి. మీ 10 శాతం పక్కన ప్రభుత్వ వాటా కూడా అదే నెలకు కనిపించాలి. డీఏ బకాయిల నెలల్లోనే ఇది ఎక్కువగా తప్పిపోతుంది.

పొరపాటు దొరికితే నోటితో చెప్పి వదలకండి. ఒక పేజీ వినతి రాయండి. అందులో తప్పు పడిన తేదీ, అప్పటి బేసిక్, వర్తించే నిబంధన, ఉండాల్సిన మెట్టు, ఇప్పటివరకు వచ్చిన తేడా పట్టికగా వేయండి. ఎస్ఆర్‌లోని ఆ పేజీ జిరాక్స్ జతపరచండి. తేడా మీకు ఎక్కువొచ్చిన వైపు ఉన్నా సరే, ఇప్పుడే రాయండి. ఈ ఏడాది రెండు వేలు తిరిగి కట్టడం, అరవై రెండో ఏట గ్రాట్యుటీలోంచి లక్షలు పోవడం కంటే ఎంతో తేలిక.